తనకా షోజో – వతరసే నదీతీరపు గ్రామపెద్ద

రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి యిమ్మని మన గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరిరి. చక్రవర్తులను గూర్చియు, సేనానులను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది కలరు. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను గనుక, ఊరి లెక్కలు చేతబట్టి ప్రభుత్వముతో పోరాడిన ఒక మనుష్యుని కథ నాకు ఎక్కువ నచ్చినది. ఆయన జపాను దేశస్థుడు. పేరు తనకా షోజో. 1841లో జన్మించి 1913లో గతించెను. ఆ దేశమున బడిపిల్లలు సైతము ఆయన పేరు పాఠములలో చదువుదురు. మన ప్రాంతమున మాత్రము విన్నవారు తక్కువ.

నీరు విషమైపోయిన కథ మనకు క్రొత్తది కాదు. కాళిందిమడుగున కాళియుడు చేరుటయు, ఆ నీరు త్రాగిన గోవులును గోపకులును నేలగూలుటయు, తుదకు బాలకృష్ణుడు మడుగులోనికి దుమికి ఆ సర్పమును వెడలగొట్టుటయు భాగవతమున చదివితిమి, హరికథలలో వింటిమి. వతరసే నదికి పట్టిన విషమును వెడలగొట్టుటకు ఏ దేవుడును దిగిరాలేదు. వచ్చినవాడు ఒక గ్రామపెద్ద. ఆయన గెలిచెనా యని ఎవరైన అడిగినచో, బ్రతికియున్నంతకాలము గెలువలేదనియే చెప్పవలెను.

వతరసే నది టోకియో నగరమునకు ఉత్తరమున నున్న అషియో కొండలలో పుట్టి, తొచిగి, గుమ్మా అను మండలముల పల్లపు భూములమీదుగా పారి, టోనే యను పెద్దనదిలో కలియును. పూర్వము ఆ నదికి వరద వచ్చినను రైతులు మిక్కిలి దుఃఖించెడివారు కారు. కొండయడవులలో ఆకులు కుళ్లి యేర్పడిన మట్టిని వరద తెచ్చి పొలములపై పరచి పోయెడిది. మరుసటియేడు ఎరువు లేకయే పైరు ఏపుగా పెరిగెడిది. వరిచేలు, పట్టుపురుగులకు మేతయగు మల్బరీతోటలు, నదిలోని చేపలు – వీనివలన వేలకొలది కుటుంబములు సుఖముగా బ్రతికినవి.

అషియో కొండలలో రాగి త్రవ్వుట పదునేడవ శతాబ్దమునుండియు కలదు. క్షీణదశలో నున్న ఆ గనిని 1877లో ఫురుకవా ఇచిబే యను వర్తకుడు చేజిక్కించుకొనెను. ఈతడు బాల్యమున వీధులవెంట సోయాజున్ను అమ్ముకొనిన బీదవాడు, పట్టుదల గలవాడు. 1881లోను, 1884లోను గనిలో గొప్ప రాగిపొరలు బయటపడెను. 1888లో జార్డిన్ మాథెసన్ అను ఆంగ్లేయ వర్తకసంస్థకు మూడేండ్లలో 19,000 టన్నుల రాగి ఇచ్చుటకు ఒడంబడిక జరిగెను. అషియో ఆ దేశమున కెల్ల పెద్ద రాగిగని యయ్యెను. తుపాకులకును, ఓడలకును, యంత్రములకును విదేశములకు చెల్లింపవలసిన ధనము ఆ రాగివలన లభించుచుండుటచే ప్రభుత్వమునకు ఆ గని కన్నపిల్లవలె ముద్దాయెను.

ఇచ్చట రాగి తీయు విధము కొంచెము చెప్పవలెను. లేనిచో తక్కిన కథ తెలియదు. ఆ రాతిలో రాగితోపాటు గంధకము కూడ ఉండును. కొలిమిలో కాల్చినప్పుడు గంధకము ఘాటైన పొగయై లేచి, తేమతో కలిసి ఆమ్లమై చెట్లపై దిగును. గనికి ఆధారపుదుంగలకై, కొలిమికి బొగ్గులకై కొంత యడవిని నరికిరి. మిగిలినదానిని ఈ పొగ చంపెను. కొండలు బోడులైనవి. చెట్టు లేని కొండపై వాన నిలువదు. ఒక్కమారుగా నదిలోనికి దుముకును. వరదలు పూర్వముకంటె తరచుగను ఉధృతముగను వచ్చెను. గని ప్రక్కన పోగుపెట్టిన రాతిపిండిని ఆ వరదయే మోసికొనిపోయి పొలములలో దింపెను. ఆ పిండిలో రాగి యుండుటచే వరివేరు పెరుగదు. పూర్వము ఏ వరద ఎరువు తెచ్చెనో ఆ వరదయే విషము తెచ్చుచుండెను. మొదట నదిలో చేపలు తేలెను. 1890 వరద పిమ్మట పైరులు మాడిపోయినవి.

ఆ యేడే తనకా షోజో జపాను పార్లమెంటునకు ఎన్నికయ్యెను. అంతకుపూర్వపు ఆయన జీవితమును సంగ్రహముగ చెప్పెదను. ఆయన స్వగ్రామము తొచిగి మండలమున, ఇప్పటి సానో నగరమునకు చేరిన కోనకా. తండ్రి గ్రామపెద్ద. మన పూర్వపు మునసబు పనియు కరణపు పనియు రెండును కలిసిన యుద్యోగ మది. షోజోకు పదునేడవయేటనే ఆ బాధ్యత సంక్రమించెను. ఊరివారే తమ పెద్దను ఎన్నుకొను పాత ఆచారమును జమీందారు కచేరీవారు త్రోసివేసి పన్నులు పెంచగా, ఆయన ఎదిరించి 1868లో చెరసాల పాలయ్యెను. నిలుచుటకు గాని, కాళ్లు చాచుటకు గాని వీలులేని ఇరుకు గదిలో పదినెలలకుపైగ గడపెను. అన్నములో విషము కలుపుదురను భయమున కొన్నాళ్లు ఎండిన చేపముక్కలు మాత్రము నమలి ప్రాణము నిలుపుకొనెనట. విడుదలయైన పిమ్మట ఈశాన్యప్రాంతమున చిన్నయుద్యోగమున కుదిరెను గాని, 1871లో పైయధికారి హత్యచేయబడగా అనుమానము ఈయనపై బడి, దాదాపు మూడేండ్లు మరల చెర. నేరము చేయలేదని తేలి 1874లో బయటికి వచ్చెను. ఆ చెరలో పుస్తకములు బిగ్గరగా చదివి చదివి తన నత్తిని పోగొట్టుకొనెనని చెప్పుదురు. తరువాత భూములు కొని అమ్ముటలో మంచి లాభము గడించి, ఇక వ్యాపారము చేయననియు, మిగిలిన బ్రతుకు ప్రజాకార్యమునకే యనియు తండ్రికి తెలియజేసి, పత్రిక నడపి, మండలసభలో సభ్యుడై, దాని కధ్యక్షుడై, 1890లో టోకియో చేరెను.

1891 డిసెంబరులో ఆయన ప్రతినిధుల సభలో అషియో గనిని గూర్చి మొదటి ప్రశ్న వేసెను. ఆయన దయను కోరలేదు. రెండేండ్ల క్రిందటనే చక్రవర్తి ప్రజలకు ప్రసాదించిన రాజ్యాంగమును తెరచి, 27వ నిబంధనలో ప్రజల ఆస్తికి భంగము కలుగరాదని యున్నదని చూపెను. ప్రజాహితమునకు హానికరమైన గని యొక్క అనుమతిని ప్రభుత్వము రద్దుచేయవచ్చునని గనుల చట్టములో నున్నదని చూపెను. చట్టము మీరు వ్రాసినదే. దానిని మీరేల నడపరు – ఆయన వాదము సారాంశమింతయే. జవాబీయవలసిన మంత్రి ముత్సు మునెమిత్సు. ఆయన రెండవ కుమారుడు గని యజమానియగు ఫురుకవాకు దత్తుడు. నష్టము కలిగిన మాట నిజమే గాని కారణము తేలలేదనియు, గనివారు రాతిపిండిని పట్టు యంత్రములను విదేశములనుండి తెప్పించుచున్నారనియు జవాబు వచ్చెను. కారణము తేలనిచో యంత్రము దేనికి తెప్పించిరో నా కర్థము కాలేదు.

కారణము తేలకపోలేదు. టోకియో విశ్వవిద్యాలయ వ్యవసాయ కళాశాలలోని కోజాయ్ యొషినావో అను పండితుడు రైతులు పంపిన మట్టిని పరీక్షించి, పైరులు చచ్చుటకు కారణము రాగియేయని తేల్చెను. అంతట గనివారు మరియొక దారి త్రొక్కిరి. 1892 మొదలు మండలాధికారులు మధ్యవర్తులుగా రైతులతో రాజీపత్రములు వ్రాయించిరి. కొద్ది రొక్కము ముట్టినందుకు, క్రొత్త యంత్రము ఫలితము తేలువరకు, అనగా 1896 జూన్ ఆఖరువరకు, రైతు ఎట్టి ఫిర్యాదు చేయరాదు. తరువాత వచ్చిన పత్రములు ఇంకను ఘోరము. అవి శాశ్వతముగ నోరు మూయించునవి. అప్పులవాడు తలుపు తట్టుచుండ, ఇంట గింజలు లేనప్పుడు, ఎదుట పెట్టిన కాగితముపై ముద్ర వేయనివా డెవడు? నా యుద్యోగమున అట్టి కాగితములు కొన్ని నా చేతిమీదుగ పోయినవి; చదివి వినిపించుమని అడుగు రైతు నూటికి ఒకడు.

ఆ గడువు 1896 జూన్ ఆఖరున తీరెను. జూలైలో ఒక వరద, ఆగస్టులో ఒక వరద, సెప్టెంబరు 8న వానిని మించిన మహావరద వచ్చినవి. యంత్రముల సంగతి నదియే తేల్చివేసెను. విషపునీరు టోకియో అంచుల వరకు వ్యాపించెను. రాజీపత్రములు వ్రాసిన రైతులే ఉన్‌ర్యూజి అను బౌద్ధాలయమున కచేరీ యేర్పరచుకొని, గనిని మూయింపుడని 1897 మార్చిలో వేలకొలదిగ కాలినడకన రాజధానికి బయలుదేరిరి. దారిపొడుగున పోలీసులు అడ్డగింపగా కొన్నివందలమంది మాత్రము చేరగలిగిరి. అప్పటి వ్యవసాయమంత్రి ఎనొమొతో స్వయముగ వచ్చి పొలములు చూచి, కొలది దినములలో పదవిని వదలుకొనెను. మే నెలలో ప్రభుత్వము గనివారికి 37 అంశములతో ఉత్తరువు నిచ్చెను. వడపోత చెరువులు కట్టవలెను, పొగలోని గంధకమును తీయవలెను, గడువు దాటినచో గని మూతపడును. గనివారు వేలాది కూలీలను పెట్టి గడువులోపల పని పూర్తిచేసిరి. కాగితముపై అంతయు సరిపోయెను. కాని పొగ తగ్గలేదు, నది బాగుపడలేదు.

ఇంకొక చిత్రము చూడుడు. నష్టపడిన పొలములకు ప్రభుత్వము భూమిశిస్తు మినహాయించెను. మేలుచేసినట్లే కనబడును. కాని ఆ కాలమున ఏటా 15 యెన్ల పన్ను చెల్లించువానికే ఓటు. శిస్తు పోయినది, దానితో ఓటును పోయినది. ఎవని పొలము విషమైనదో వానికే పార్లమెంటులో నోరు లేకపోయెను. ఇది లెక్కల పుస్తకమును తెలిసినవానికే తట్టు సంగతి. తనకాకు తట్టెను, ఆయన దానిని సభలో చెప్పెను. అంతటితో నిలువక ఊరూర జననమరణముల పట్టికలను తీయించి, విషము సోకిన గ్రామములలో పుట్టువారికంటె చచ్చువారు హెచ్చనియు, అట్లు అకాలముగ పోయినవారు వేయికి పైబడిరనియు 1899లో లెక్కకట్టి చూపెను. తల్లులకు పాలు లేవనియు, పలువురకు కన్నులు చెడినవనియు పత్రికలు వ్రాసెను. ఆ సంవత్సరమే పార్లమెంటు సభ్యుల జీతము ఏటికి 800 యెన్లనుండి 2,000కు పెరుగగా, ఆయన దానిని ఎదిరించి, బిల్లు నెగ్గినపిమ్మట తన జీతమును పూర్తిగ మానుకొనెను.

ఆయన జీవితమున ఆయననే మిక్కిలి బాధించిన సంగతి 1898 సెప్టెంబరున జరిగెను. మరల వేలాది రైతులు టోకియోకు నడచి వచ్చుచుండిరి. అప్పుడే రాజకీయపక్షముల మంత్రివర్గ మేర్పడినది. అందు ఆయన మిత్రులు కలరు. తనకా నగరపు పొలిమేరలోని హోకిమా గ్రామమున రైతులను కలిసికొని, ఈ ప్రభుత్వము మనదే, నే నడిగెదను, వారు వినకున్నచో నేనే మీతో నడచెదనని మాటయిచ్చి, ఏబదిమంది ప్రతినిధులను నిలిపికొని, తక్కినవారిని వెనుకకు పంపెను. కొన్ని వారములకే ఆ మంత్రివర్గము కూలిపోయెను. ఇచ్చిన మాట మిగిలెను. 1900 ఫిబ్రవరి 13న రైతులు మరల బయలుదేరి నది దాటుటకు కవమాతా చేరగా, పోలీసులు వారిపై బడి నెత్తురు కారునట్లు కొట్టి పెక్కుమందిని పట్టుకొనిరి. 51 మందిపై అభియోగము మోపబడెను. తనకా అప్పుడు సభలో నుండెను. నాలుగు దినముల తరువాత, ప్రజలను చంపు రాజ్యము తన్నుతానే చంపుకొనుచున్నదను అర్థము వచ్చు ప్రశ్నను ఆయన ప్రభుత్వమునకు వేసెను. ప్రశ్న తాత్పర్యము తెలియనందున జవాబీయలేమని ప్రధాని యమగతా చెప్పించెను.

ఆ అభియోగము మూడు న్యాయస్థానములు తిరిగెను. ఒకనాటి విచారణలో ప్రభుత్వ న్యాయవాది ప్రసంగించుచుండగా తనకా పెద్దగా ఆవులించెను. న్యాయస్థానధిక్కారమని కేసు పెట్టి, దానికై ఆయనకు 1902లో నలువది దినముల చెరసాల విధించిరి. ఆ దినములలో ఆయన బైబిలు చదివెను; అది కడవరకు ఆయనను విడువలేదు. రైతుల కేసు మాత్రము ఆ యేటి చివర వింతగ ముగిసెను. అభియోగపత్రముపై సర్కారు న్యాయవాది స్వహస్తముతో సంతకము చేయలేదని కనిపెట్టి, సెందాయిలోని న్యాయస్థానము ఆ కేసు చెల్లదని కొట్టివేసెను. రైతులకు నూరు కాగితములు హాని చేయగా, ఒక కాగితము మేలు చేసినది.

ఇక ఆయన పేరు దేశమెల్ల మ్రోగిన సంగతి. 1901 అక్టోబరులో ఆయన పార్లమెంటు సభ్యత్వమును వదలెను. డిసెంబరు 10న మెయిజీ చక్రవర్తి పార్లమెంటును ప్రారంభించి గుర్రపుబండిలో కోటకు మరలుచుండెను. అరువదేండ్ల వృద్ధుడొకడు, నల్లని దుస్తులతో, గుంపులోనుండి వెలికి దుమికి, ఒక విజ్ఞప్తిపత్రమును పైకెత్తి బండివైపు పరుగెత్తెను. అట్లు రాజుకు స్వయముగ అర్జీ ఇచ్చుట జపానులో పూర్వము మరణదండనకు తగిన నేరము. ఆయన చావునకు సిద్ధపడియే వచ్చెను. రక్షకభటు డొకడు ఆయనను ఆపుటకు గుర్రమును త్రిప్పగా గుర్రము తొట్రిల్లెను; తనకాయు క్రిందపడెను. పోలీసులు పట్టుకొనిరి. బండి ఆగక సాగిపోయెను. పత్రము చక్రవర్తి చేతికి చేరలేదు.

ఆ పత్రమును ముందురాత్రి వ్రాసియిచ్చినవాడు కొతోకు షూసుయ్ అను యువ పత్రికారచయిత. ఈతనిని 1911లో రాజద్రోహనేరముపై ఉరితీసిరి. తనకా ఆ వ్రాతను పలుచోట్ల దిద్ది, దిద్దుబాటుచేసిన ప్రతిచోట తన ముద్ర వేసెను. గ్రామపెద్దగా నేర్చిన అలవాటు చావు నెదుర్కొను దినమునను పోలేదని నేను తలంతును. ప్రభుత్వము తెలివిగ వ్యవహరించెను. విచారణ జరిపినచో గని సంగతి బయటికి వచ్చును. కనుక మతిచెడిన వృద్ధుడని సాయంకాలమునకే వదలివేసిరి. అయినను పత్రికలు దానిని దేశమెల్ల చాటెను. ఆ నెలాఖరున వేయిమందికి పైబడి విద్యార్థులు టోకియోనుండి వెళ్లి పాడుబడిన పొలములు కన్నులార చూచిరి.

ప్రభుత్వము మరల విచారణసంఘమును వేసెను. ఈ సంఘము 1903లో చెప్పినది వేరు. గనిని వదలి వరదను పట్టుకొనెను. నది పల్లమున పెద్దజలాశయము కట్టినచో వరద అందు నిలిచిపోవునట. ఆ పల్లమున యనకా అను గ్రామము కలదు. సుమారు 450 ఇండ్లు. విషమును ఆపుటకు బదులు, విషము దిగుటకు ఒక ఊరిని బలియిచ్చుట కేర్పాటు జరిగెను. తనకా 1904లో తన సామాను లేని బ్రతుకును యనకాకు మార్చుకొనెను. ఆ డిసెంబరులో మండలసభ ఊరిని కొనుటకు డబ్బు మంజూరుచేసెను. కూలిన కరకట్టను సర్కారు మరల కట్టలేదు. ఊరివారే కట్టుకొనగా దానిని చెల్లదని కూల్చెను. విసిగి పలువురు అమ్ముకొని పోయిరి. 1906 జూలై 1న ఊరి పేరు రికార్డునుండి కొట్టివేయబడెను. 1907 జూన్ 29 మొదలు జూలై 5 వరకు, కదలని పదునారు ఇండ్లను పోలీసులు నిలిచి పడగొట్టించిరి. ఆ కుటుంబములు కూలినచోటనే గుడిసెలు వేసికొని, వానలో, వరదలో, 1917 వరకు అచ్చటనే యుండెను. ఇచ్చిన వెల అన్యాయమని న్యాయస్థానమున దావా వేసిరి.

యనకాకు వచ్చినప్పుడు తనకా ఆ రైతులకు హక్కులు బోధింప దలచెను. వారు వినరు, వ్రాయరు, ఉపన్యాసములు అర్థము చేసికొనరు అని మొదట విసుగుకొనెను. కొన్నేండ్లకు తన తప్పును తానే దినచర్యలో వ్రాసికొనెను. నీళ్లలో నిలిచి యూరు విడువని వారికి తాను నేర్పవలసినది లేదనియు, తానే వారియొద్ద నేర్చుకొనవలెననియు ఆయన కనిపించెను. చక్రవర్తి బండి కడ్డము పరుగెత్తుటకంటె ఈ యొప్పుకోలు గొప్పదని నా నమ్మకము. పార్లమెంటులో పదేండ్లు మాటలాడినవానికి వినుట నేర్చుకొనుట సులభము కాదు. లోప మొకటి చెప్పకున్న ఈ చరిత్రము పూర్తి కాదు. ఆయన భార్య కత్సు ఏండ్లతరబడి ఆయన లేని యింటిలో కాలము గడపెను. లోకము ఆయన త్యాగమును లెక్కించినది. ఆమె త్యాగమును లెక్కించిన పుస్తకము నాకు కనబడలేదు.

కడపటి సంవత్సరములలో ఆయన ఊరూర కాలినడకన తిరిగి, వరద ఏ యింటిగోడకు ఎంతవరకు వచ్చెనో ముసలివారి నడిగి వ్రాసికొనెను. నీటిని కట్టివేయుటకంటె దానికి దారి యిచ్చుట మేలనియు, కొండపై అడవి లేనిది పల్లమున కట్ట నిలువదనియు ఆ కొలతలవలన వాదించెను. కొండలను, నదులను, ఊళ్లను పాడుచేయునది నాగరికత కాదని 1912లో వ్రాసికొనెను. తన ఇంటిని, భూమిని స్వగ్రామమునకే యిచ్చివేసెను. 1913 ఆగస్టులో దారిలో జబ్బుపడి ఒక రైతు ఇంట చేరి, సెప్టెంబరు 4న ఆ యింటనే కన్నుమూసెను. కత్సు ప్రక్కన నుండెను. మిగిలిన ఆస్తి ఒక గుడ్డసంచి. అందు దినచర్య పుస్తకములు, వ్రాతప్రతి, క్రొత్తనిబంధన, మత్తయి సువార్తతో కలిపి కుట్టిన జపాను రాజ్యాంగము, కొంచెము నదిపాచి, మూడు గులకరాళ్లు ఉండెను. సానోలో జరిగిన అంతిమయాత్రకు వేలకువేలు జనులు వచ్చిరి. అస్థికలు తమ ఊరికి కావలెనని పలు గ్రామములవారు కోరగా వానిని పంచియిచ్చిరి.

యనకా రైతుల దావా 1919లో తీరెను. వెల తక్కువ కట్టిన మాట నిజమేనని టోకియో న్యాయస్థానము హెచ్చించి యిమ్మనెను. గని 1973లో మూతపడెను. మరుసటియేడు, 1974లో, నదీతీరపు 971 మంది రైతులతో మధ్యవర్తిసంఘము నెదుట రాజీ జరిగి, గనివారు తమ బాధ్యతను ఒప్పుకొని 155 కోట్ల యెన్లు చెల్లించిరి. మొదటి ప్రశ్న వేసిన నాటినుండి ఎనుబదిరెండేండ్లు దాటినవి. యనకా మునిగినచోట నేడు రెల్లుపొదలు పెరిగి పక్షులు వ్రాలుచున్నవి. 2012లో దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్సర్ పట్టికలో చేర్చిరి. బోడికొండలపై చెట్లు నాటుట ఇంకను సాగుచున్నది. 2011 భూకంపమున పాత రాతిపిండి కట్ట యొకటి జారి మరల నదిలో పడెను.

2014 మే నెలలో అప్పటి చక్రవర్తి అకిహితో, మెయిజీ చక్రవర్తికి మునిమనుమడు, భార్యాసమేతముగ సానోకు వచ్చి, అచ్చటి ప్రదర్శనశాలలో ఒక పాత కాగితమును చూచెను. దిద్దుబాట్లపై తనకా వేసిన ముద్రలు దానిపై నేటికిని స్పష్టముగ కనబడుచున్నవి.